అమ్మ డబ్బాల్లోని వంట: పులిహోర పులుసు, చారుపొడి, ఉప్మా పిండి, ప్యాకెట్ జామూన్

ప్రశ్న: మాది తెనాలి. అమ్మ స్కూల్ టీచరు, నాన్నది క్యాంపుల ఉద్యోగం. పొద్దున్నే అందరికీ క్యారేజీలు కట్టాలి కాబట్టి పులిహోర పులుసు, చారుపొడి, ఉప్మా పిండి అమ్మ ఆదివారమే చేసి డబ్బాల్లో పెట్టేది. క్యాంపులో నాన్న ఆ ఉప్మా పిండిలో వేణ్ణీళ్లు పోసుకుని తినేవారు. పుట్టినరోజులకు ప్యాకెట్ గులాబ్ జామూన్. ఇప్పుడు అమ్మ పుణేలో నా దగ్గరే ఉంది. చేతులు వణుకుతాయి, పొయ్యి దగ్గర నిలబడలేదు. కొలతలు అడిగితే "కంటికి తెలుస్తుందే" అంటుంది. నేను చేస్తే పులుసు ఒకసారి చేదొచ్చింది, ఇంకోసారి పది రోజులకే బూజు పట్టింది. చారుపొడికి వాసన లేదు. ఉప్మా జిగురుముద్ద అవుతోంది. జామూన్లు పగులుతున్నాయి. "ప్యాకెట్ జామూన్‌కి కూడా అమ్మ చేతి రుచేంటి" అని మా వదిన నవ్వుతుంది. ఇవన్నీ మళ్లీ అలాగే చేయాలని, డల్లాస్‌లో ఉన్న తమ్ముడికీ పంపాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ వదినగారికి జవాబు చెబుదాం. ప్యాకెట్‌కీ చేతి రుచి ఉంటుంది. పిండి కంపెనీదే అయినా దాన్ని నీళ్లతో కలిపారా పాలతో కలిపారా, ఉండ ఎంత చేశారు, ఎంత ఎర్రగా వేయించారు, పాకం ఎంత చిక్కగా పట్టారు అన్నవన్నీ ఇంటివే. ఇలాంటి ప్యాకెట్ మిక్స్‌లు చేసే గిట్స్ కంపెనీ మీరుంటున్న పుణేలోనే 1963లో మొదలైంది. బెంగళూరు ఎంటీఆర్ వాళ్లు ఎమర్జెన్సీ రోజుల్లో హోటల్ నడపడం కష్టమై పొడి మిక్స్‌ల అమ్మకంలోకి వచ్చారు. మీ అమ్మగారిలాంటి ఉద్యోగం చేసే ఇల్లాళ్లకు పండగపూట మిఠాయికి ఆ ప్యాకెట్లు పనికొచ్చాయి. రోజువారీ వంటకు మాత్రం వాళ్లే ఇంట్లో తమ ప్యాకెట్లు తయారు చేసుకున్నారు. మీరు అడిగిన వాటిలో మూడు ఆ రకమే.

అందుకే ఒక హెచ్చరిక. ఇప్పుడు మీరు "అసలైన పులిహోర" అని వీడియోలు వెతికితే ప్రసాదం పులిహోర వస్తుంది గానీ క్యారేజీ పులిహోర రాదు. అప్పటికప్పుడు చేసిన పులుసులో పులుపు, కారం, ఉప్పు వేటికవి తెలుస్తాయి. నాలుగైదు రోజులు డబ్బాలో ఊరిన పులుసులో మిరపకాయల కారం నూనెలోకి దిగి, పులుపు మెత్తబడి, మూడూ ఒకటవుతాయి. మీకు గుర్తున్నది ఆ రుచి. కాబట్టి అమ్మగారు పాటించిన అడ్డదారులను సరిదిద్దకండి. ఆవిడ ఇంగువ పొడి డబ్బాదే వాడితే మీరూ అదే వాడండి, ముద్ద ఇంగువ కొనకండి.

ఇక కొలతలు. "ఎంత వేయాలి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మూడు నాలుగు వందలకు దొరికే వంటింటి త్రాసు ఒకటి కొనండి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఉప్పు డబ్బా, కారం డబ్బా, ధనియాల డబ్బా మొత్తంగా ఆవిడ ముందు పెట్టండి. వేయకముందు డబ్బాను తూచండి, వేశాక మళ్లీ తూచండి, తేడా రాసుకోండి. చేయి వణికినా ఆవిడ గుప్పెడు ఆవిడ గుప్పెడే. పాత గ్లాసు, పాత గరిటె ఇంకా ఉంటే వాటిలో నీళ్లు పోసి తూచండి. ఎన్ని గ్రాములు తూగితే అన్ని మిల్లీలీటర్లు. పొయ్యి దగ్గర మీరు కలుపుతూ, మధ్య మధ్య గరిటెడు తీసి పళ్లెంలో ఆవిడకు చూపించండి. "ఇంకా ఎంతసేపు" అనకుండా "ఇప్పుడు ఆపేయనా" అని అడగండి. అప్పుడు ఆవిడ చెప్పే "ఇంకా పచ్చిగా ఉంది", "అంచు వదలాలి" అన్న మాటలే మీకు కావలసిన కొలతలు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక్క ఉప్పు విషయంలో జాగ్రత్త. వయసు మీద పడ్డాక నాలుకకు రుచి, ముక్కుకు వాసన తగ్గుతాయి. ఇప్పుడు ఆవిడకు సరిపోయిందనిపించే ఉప్పు అప్పటికంటే ఎక్కువ కావచ్చు, బీపీ వల్ల తక్కువ అలవాటైతే తక్కువా కావచ్చు. కింద ఇచ్చిన కొలతతో మొదలుపెట్టి, మీ నాలుకకు గుర్తున్న దాన్ని బట్టి సరిచేసుకోండి.

పులిహోర పులుసుకు పావు కిలో చింతపండు తీసుకోండి. గింజ, పెంకు, ఈనెలు ఓపిగ్గా ఏరేయండి. 600 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి గంటసేపు మూతపెట్టి, చేత్తో పిసికి, జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దండి. కింద చిక్కటి గుజ్జు దిగుతుంది. పిప్పిలో మళ్లీ మళ్లీ నీళ్లు పోసి పిండకండి. ఆ నీళ్లన్నీ తర్వాత పొయ్యి మీద ఇగరాలి, పైగా ఆఖరి పిండుడులో వగరు దిగుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో 150 గ్రాముల నువ్వుల నూనె కాచి, చీల్చిన పచ్చిమిరపకాయలు పదిహేను, తుంచిన ఎండుమిరపకాయలు పది, రెండు రెమ్మల కరివేపాకు వేయండి. పచ్చిమిర్చి తెల్లబడి ముడతలు పడేదాకా ఉంచాలి. మంట తగ్గించి గుజ్జు పోసి, ఆ తర్వాతే రెండు చెంచాల పసుపు, 75 గ్రాముల కల్లుప్పు, ఇరవై గ్రాముల బెల్లం వేయండి. పసుపు కాగిన నూనెలో నేరుగా వేస్తే క్షణంలో మాడుతుంది. మీకు చేదు రావడానికి అదొక కారణం కావచ్చు.

అంతకంటే ఎక్కువగా చేదు తెచ్చేది మెంతులు. ఈ కొలతకు అర చెంచా చాలు. విడిగా, నూనె లేకుండా సన్నమంట మీద వేయించండి. మెంతిగింజ పసుపు రంగు నుంచి ఎర్రమట్టి రంగుకు తిరిగి కమ్మటి వాసన రాగానే పళ్లెంలోకి ఒంపేయాలి. మూకుట్లోనే వదిలేస్తే, పొయ్యి ఆర్పినా ఆ వేడికే నల్లబడతాయి. నల్లబడ్డ మెంతులు అర చెంచా చాలు, అరకిలో పులుసూ పాడవుతుంది. దానికి బెల్లం వేసినా ప్రయోజనం ఉండదు. పొడిచేసి పులుసు దించే ముందు కలపండి. చేదుకు మూడో కారణం అడుగంటడం. చిక్కబడ్డాక గుజ్జు అడుగున పట్టి మాడుతుంది, అట్లకాడతో అడుగు గీకి కలిపేస్తే ఆ మాడంతా పైకి వస్తుంది. అడుగంటిందని అనుమానం వస్తే గీకకుండా పైదాన్ని ఇంకో గిన్నెలోకి వంచేయండి.

సన్నటి సెగ మీద ముప్పావుగంట దాకా పడుతుంది. మొదట నీళ్లలా ఎగిరెగిరి పడుతుంది, చేతుల మీద చిందుతుంది, సగం మూత పెట్టండి. తర్వాత బుడగలు పెద్దవై, బద్ధకంగా, చిన్న చప్పుడుతో పగులుతాయి. ఆ దశలో చాలామంది అయిపోయిందనుకుని ఆపేస్తారు. అప్పటికి నూనె ఇంకా గుజ్జులోనే కలిసి ఉంటుంది. ఇంకో పది నిమిషాలకు రంగు ఇటుక ఎరుపు నుంచి ముదురు గోధుమకు మారి, గిన్నె అంచుల చుట్టూ నూనె సన్నటి వలయంలా తేలుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే రెండు మూడు క్షణాలు గీత నిలబడి, ఆ తర్వాత మెల్లగా మూసుకోవాలి. అమ్మగారు "అంచు వదలడం" అంటే ఇదే. తూస్తే మొత్తం 550 గ్రాముల దగ్గర ఉండాలి. 700 ఉందంటే నీళ్లు మిగిలాయన్నమాట, బూజు పట్టేది అందుకే. పులుపు, ఉప్పు రెండూ బూజును చాలావరకు ఆపుతాయి గానీ, నీరు మిగిలినచోట అవి పలచబడతాయి.

పది రోజులకే బూజు పట్టడానికి ఇంకో దారి మూత. వెచ్చగా ఉండగానే మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా పులుసు మీద పడుతుంది. పూర్తిగా చల్లారాక, కడిగి ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలోకో జాడీలోకో తీసి, పైన నూనె పొర ఉండేలా అదిమి పెట్టండి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి ఈ వంటకు అసలు వద్దు. చింతపండు పులుపు లోహాన్ని తింటుంది, రుచికి చిలుము తగులుతుంది. ఎండాకాలంలో బయట రెండు మూడు వారాలు, ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంటుంది. పుణే వానాకాలంలో బయట పెట్టొద్దు. బూజు కనిపిస్తే పైపొర తీసేసి వాడుకోవడం కుదరదు, మొత్తం పారేయాల్సిందే.

కలిపేటప్పుడు 200 గ్రాముల బియ్యానికి 60 గ్రాముల పులుసు, అంటే నాలుగు పెద్ద చెంచాలకు కాస్త తక్కువ. అన్నం బిరుసుగా వండి వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడిమీదే చెంచా నూనె, నాలుగు పచ్చి కరివేపాకులు కలిపి ఆరనివ్వండి. శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, ఆవాలు, ఇంగువ తాలింపు అప్పటికప్పుడు వేసుకోవాలి. నిల్వ పులుసులో వేస్తే పప్పులు నాని మెత్తబడతాయి. ఆవపిండి వేసే అలవాటు మీ ఇంట్లో ఉందా అని అమ్మగారిని అడగండి. ఉంటే చెంచా ఆవాలు నూరి, చన్నీళ్లతో కలిపి పది నిమిషాలు ఉంచి, చల్లారిన అన్నంలోనే కలపాలి. ఆవ ఘాటు చన్నీళ్లలోనే పుడుతుంది. వేడి అన్నంలో వేస్తే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. డబ్బా పులుసులో మాత్రం ఆవపిండి కలిపి పెట్టకండి.

చారుపొడి సంగతి చిన్నదే. ధనియాలు 80 గ్రాములు, కందిపప్పు 40, జీలకర్ర 20, మిరియాలు 15, ఎండుమిరపకాయలు ఎనిమిది, గుప్పెడు కరివేపాకు, పావు చెంచా మెంతులు. దేనికది విడిగా వేయించండి. కందిపప్పు ఎర్రబడటానికి పట్టే సమయంలో జీలకర్ర నల్లబడిపోతుంది, అన్నీ కలిపి వేయిస్తే ఏదో ఒకటి చెడుతుంది. ధనియాలు చిటపటలాడి వాసన వచ్చిన నిమిషానికే దించాలి. ముక్కుకు ఎంత బాగా వాసన కొడితే అంత వాసన పొడిలోంచి పోయిందని లెక్క. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేసి, ఆపి ఆపి కొంచెం బరకగా తిప్పండి. ఆపకుండా తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కి ఉన్న వాసన కూడా పోతుంది.

అయితే మీ పొడికి వాసన లేకపోవడానికి కారణం పొడిలో కాక చారులో ఉండొచ్చు. చారు కాగేటప్పుడే పొడి వేసి పది నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా గుమగుమలాడుతుంది, చారులో ఏమీ ఉండదు. అరలీటరు చారుకు ఒక చెంచా నిండుగా, చివర్లో వేసి, నురగ పొంగు రాగానే పొయ్యి ఆర్పి మూత పెట్టండి. డబ్బా పొయ్యి పక్కన గట్టుమీద ఉంటే చోటు మార్చండి. నెలకు సరిపడా బయట ఉంచి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

ఉప్మా పిండిలో అసలు పని నూనెది. నాన్నగారు క్యాంపులో పొయ్యి లేకుండా వేణ్ణీళ్లు పోసుకుని తినగలిగారంటే, రవ్వ గింజ గింజకూ నూనె పట్టి ఉండాలి. నూనె పొర ఉన్న గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా విడిగా ఉబ్బుతాయి. మామూలు ఉప్మాకు వేసే నూనె దీనికి చాలదు. అరకిలో సన్న బొంబాయి రవ్వను సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు వేయించండి. రంగు మారకూడదు గానీ, అట్లకాడ తగిలితే ఇసుకలా గలగలమనాలి. పచ్చిదనం పోకుండా ఆపేసిన రవ్వే జిగురు కడుతుంది. వేయించడం వల్ల లోపల పురుగు గుడ్లు ఉన్నా చస్తాయి. విడిగా 70 గ్రాముల నూనెలో చెంచా ఆవాలు, పెద్ద చెంచా చొప్పున శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు ఆరు, కరివేపాకు వేయించండి. కరివేపాకు నలిపితే పొడి అయ్యేలా ఉండాలి. పచ్చిదనం ఉంటే అదే తేమ. ఆ నూనెలోనే రవ్వ పోసి ఇంకో మూడు నిమిషాలు కలిపి దించి, పొడి మూకుట్లో వేడిచేసిన ఉప్పు 15 గ్రాములు, అర చెంచా శొంఠి పొడి కలపండి. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ నిల్వ పిండిలో వద్దు. జీడిపప్పు వేస్తే అదే ముందుగా పాత నూనె వాసన పట్టి మొత్తం డబ్బాను చెడగొడుతుంది, కాబట్టి తినే రోజు వేసుకోండి. నెలన్నరలో అయిపోయేంతే చేయండి.

పొయ్యి ఉంటే కప్పు పిండికి రెండున్నర కప్పుల నీళ్లు మరిగించి, పిండిని ధారగా పోస్తూ కలపాలి. క్యాంపు పద్ధతికి కప్పు పిండి మీద రెండు కప్పుల సలసలా మరిగే నీళ్లు పోసి, ఒకసారి కలిపి, గట్టిగా మూతపెట్టి పది నిమిషాలు కదపకూడదు. గోరువెచ్చటి నీళ్లయితే గింజ లోపల ఉడకదు, పైన మాత్రం తడిసి పేస్టవుతుంది. హోటల్ గదుల్లో ఎలక్ట్రిక్ కెటిల్ దానంతటది ఆగిన వెంటనే పోయాలి, అరగంట క్రితం ఫ్లాస్కులో పోసిన నీళ్లు పనికిరావు. ఒకటి రెండు సార్లు మూత తీసి చూడాలనిపిస్తుంది, తీయకండి.

జామూన్లు పగిలేది భయం వల్ల. పిండిలో నీళ్లు పోయగానే చేతికి అంటుకుంటూ పలచగా అనిపిస్తుంది, అప్పుడు అందరూ ఇంకాస్త పొడి పిండి కలుపుతారు. ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే మిక్స్‌లోని పాలపొడి, మైదా ఆ నీళ్లను పీల్చుకుని అదే గట్టిపడుతుంది. పొడి కలిపితే ఆ ఐదు నిమిషాల్లో ఎండిపోయి, ఉండ చేసేటప్పుడే సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలే నూనెలో పగుళ్లు. చపాతీ పిండిలా పిసకనూ కూడదు. మైదా సాగితే లోపల గట్టి గడ్డ మిగులుతుంది. వేళ్ల కొసలతో దగ్గరకు చేర్చి, చేతికి నెయ్యి రాసుకుని, గీత లేని ఉండలు చేసి, తడిగుడ్డ కప్పండి. నూనెలో చిన్న ఉండ వేసి చూడండి. అడుగుకు వెళ్లి నిదానంగా పైకి రావాలి. వేసీవేయగానే పైకి ఎగిరితే నూనె మరీ కాగింది. పైన ఎర్రబడుతుంది, లోపల పచ్చి. పాకం 200 గ్రాముల మిక్స్‌కు ముప్పావు కిలో పంచదార, ముప్పావు లీటరు నీళ్లు. వేళ్లకు జిగురుగా అంటాలి, తీగపాకం రాకూడదు. తీగ వస్తే పాకం ఉండలోకి దిగదు. పాకం వేడిగా ఉండాలి గానీ మరుగుతూ ఉండకూడదు.

అమ్మగారిని అడగాల్సినవి రెండు ఉన్నాయి: పాలతో కలిపేవారా, ప్యాకెట్ ఎంత బరువు ఉండేది. పాలతో కలిపితే త్వరగా ఎర్రబడి మెత్తగా వస్తాయి. ఆ ముదురు రంగు గుర్తుంటే అదే కావచ్చు. "ప్యాకెట్‌కు ఒక గ్లాసు పాలు" అన్నది ఆవిడకు గుర్తున్నా అది ఆనాటి ప్యాకెట్ లెక్క. ఇప్పుడు కొన్నదాని మీద బరువు చూసి, ఆ ప్రకారం పాలు మార్చుకోండి.

తమ్ముడికి పంపే సరుకుల్లో ఉప్మా పిండి, చారుపొడి గాలి తీసి సీలు వేసిన కవర్లలో పెట్టండి. విమానంలో వెళ్లేవాళ్లతో పంపుతుంటే పులుసు సీసా చేతి బ్యాగులో వద్దు, 100 మిల్లీలీటర్లు దాటిన ముద్దలను భద్రతా తనిఖీలో ఆపేస్తారు. చెక్-ఇన్ సూట్‌కేసులో, సీసా మెడ దాకా నింపకుండా రెండు వేళ్లు ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టండి. అమెరికాలో దిగాక కస్టమ్స్ ప్రశ్నకు ఆహారం ఉందనే చెప్పాలి. పచ్చి కరివేపాకును అక్కడ అనుమతించరు, కట్టలు కట్టి పెట్టకండి. పేచీ లేకుండా ఉండాలంటే తమ్ముడికి పంపే వంతులో కరివేపాకు వేయకుండానే చేయండి. తాలింపులోకి అక్కడి ఇండియన్ స్టోర్లో కొనుక్కుంటాడు.